లెక్కలోకి రాని అడుగు

ఇది ఒక మహాసంగ్రామం కథ. ఒకే ఒక్క సింహాసనం, దాని కోసం పోటీపడిన ఇద్దరు బావలు, చూపు మందగించిన వృద్ధ గురువు, దాచిపెట్టిన రాజశాసనం, నమ్మకద్రోహం, ఏళ్ల తరబడి మౌనం, చివర ముఖాముఖి, అన్నీ ఇందులో ఉన్నాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లు పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చదవండి.

వద్దులెండి, ఒంటరిగానే చదవండి. సింహాసనం అంటే రాష్ట్ర బాస్కెట్‌బాల్ రిఫరీల ప్యానెల్లో మా జిల్లాకి వచ్చిన ఒక ఖాళీ. రాజశాసనం అంటే రెండు పేజీల జెరాక్సు. గురువుగారి చూపు మందగించడానికి కారణం శుక్లాలు. మొత్తం యుద్ధమంతా బంతి పట్టుకున్న కుర్రాడు ఎన్ని అడుగులు వేయొచ్చు అన్న దాని మీద జరిగింది. ముప్పై మూడేళ్లకే జ్ఞాపకాలేమిటని మా ఆవిడ అడిగింది. మా బావ సూరిబాబు ఉన్న ఊపు చూస్తుంటే వాడి జీవితచరిత్ర ఎవరో ఒకరు రాసేలా ఉన్నారు, అందులో నేను రెండో వరసలో కూర్చున్నవాడిగా మిగిలిపోకముందే నా వైపు సంగతి నేను రాసుకోవాలని చెప్పాను.

రెండో వరస అన్నది ఊరికే అన్న మాట కాదు. పోయిన నెల మధురవాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఏసీ హాల్లో జిల్లా రిఫరీలందరికీ మారిన నిబంధనల మీద ఒక రోజు క్లాసు పెట్టారు. నేను నిజంగానే రెండో వరసలో, పాడైపోయిన కుర్చీ చేతి మీద మోచేయి ఆనించి కూర్చున్నాను. పాఠం చెప్పడానికి వచ్చిన జాతీయ స్థాయి రిఫరీ మా సూరిబాబు. మా అమ్మకి అన్న అయిన సింహాద్రి మావయ్య కొడుకు. నాకంటే ఏడు నెలలు పెద్ద. ఆ ఏడు నెలల తేడాని ఇప్పటిదాకా ఎక్కడా తగ్గించుకోలేకపోయాను. మనిషికి పొట్ట లేదు. ముప్పై మూడేళ్ల మగాడికి పొట్ట లేకపోవడం చుట్టుపక్కలవాళ్లకి మర్యాద కాదని నా అభిప్రాయం. చేతిలో ఎర్ర చుక్క పడే పాయింటర్, చొక్కా మీద బ్యాడ్జి, గొంతులో తొందరలేనితనం. తెర మీద ఒక ఆటగాడు బంతి అందుకుని రింగు వైపు దూసుకెళ్లే వీడియో పెట్టి, ఆపి ఆపి చూపించాడు. ఇది లెక్కలోకి రాని అడుగు. ఇది ఒకటి. ఇది రెండు. ఇప్పుడు షాట్. ఇది ట్రావెలింగ్ కాదు, ఈల ఊదకూడదు, ఇది పాత పాఠమే అయినా పునాది కాబట్టి మళ్లీ చెబుతున్నాను అన్నాడు. హాలంతా నోట్సు రాసుకుంది. నేను పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాను. ఆ అడుగు గురించి ఆ హాల్లో అందరికంటే ముందు చదివినవాణ్ణి నేను. ఆ సంగతి చెప్పుకోలేని స్థితిలో ఉన్నవాణ్ణి కూడా నేనే.

మల్కాపురంలో మాది, మావయ్యవాళ్లది ఒకే ఇంట్లో రెండు వాటాలు, మధ్య ఒక గోడ, ముందు ఇద్దరికీ కలిపి ఒక వరండా. గాలి ఎటు నుంచి వీస్తోందో చెప్పడానికి మాకు చెట్టు ఆకులు కదలక్కర్లేదు. రిఫైనరీ వైపు నుంచి వస్తే చారులో కూడా ఆ వాసన తగిలేది, పోర్టు వైపు నుంచి వస్తే తీగ మీద ఆరేసిన బట్టలకి నల్లటి పొడి అంటేది. అందుకే మా అత్త ఇంటిల్లిపాది బట్టలు బయట ఆరేసి, మావయ్య రిఫరీ చొక్కా ఒక్కటి లోపల ఫ్యాను కింద ఆరబెట్టేది. మా నాన్న ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పని. మేం లేచేసరికి వెళ్లిపోయి, మధ్యాహ్నానికి ఒక చేత్తో చేపల సంచీ, ఒంటినిండా అమోనియా వాసన మోసుకొచ్చేవాడు. మావయ్య పోర్టులో క్రేను నడిపేవాడు. పొద్దస్తమానం అంత ఎత్తున కూర్చుని కింద జనం ఎవరు ఎటు అడుగేస్తున్నారో చూసే మనిషి, కిందికి దిగాక మాత్రం ఊరుకుంటాడా. ఆదివారాలు రిఫరీ అయ్యాడు.

మావయ్య ఈల దేవుడి అలమార పక్క మేకుకి వేలాడేది. శనివారం సాయంత్రం ఉప్పేసిన వేన్నీళ్లలో దాన్ని కడిగి, తుడిచి, మళ్లీ అక్కడే తగిలించేవాడు. అత్త సాంబ్రాణి పొగ దానికి కూడా పట్టేది కాబట్టి ఆ ఈల నోట్లో పెట్టుకుంటే గుడి రుచి వచ్చేది. ఇంట్లో ఊదడం నిషేధం. ఒకసారి ఊదితే పక్కింటాయన షిఫ్టు మారిందనుకుని బూట్లేసుకుని బయల్దేరాడట. అప్పట్నుంచి ఇంట్లో అంతా చేతి సైగలే. అన్నం తింటూ మధ్యలో లేస్తే మావయ్య రెండు పిడికిళ్లూ గుండ్రంగా తిప్పేవాడు, అంటే నడక, బంతి తట్టకుండా ఎక్కువ అడుగులేసిన ట్రావెలింగ్ తప్పు. పక్కవాడి కంచంలో చేప ముక్క మీద చెయ్యి వేస్తే తన మణికట్టు మీద కొట్టి చూపించేవాడు, అంటే చేతి తప్పు. నా మీద అయిదు తప్పులు పూర్తయితే పెరుగు లేకుండా లేవాలి. సూరిబాబుకి ఏనాడూ మూడు దాటలేదు. వాడు తక్కువ తినేవాడని కాదు, సైగ పడేలోపు నమిలేసేవాడు. అత్త మీద మాత్రం మావయ్య ఎప్పుడూ చెయ్యి ఎత్తి సైగ చెయ్యలేదు. ఆ కోర్టు ఎవరిదో ఆయనకి తెలుసు.

ఆదివారం చేపల పులుసు తిన్నాక రూళ్ల చదువు. నిబంధనలు మారినప్పుడల్లా సంఘంవాళ్లు ఇంగ్లీషులో ఉన్న కాగితాలు కవర్లో పెట్టి మావయ్యకి పంపేవాళ్లు. మావయ్యకి ఇంగ్లీషు అంతంత మాత్రం. నాకు స్కూల్లో సూరిబాబు కంటే ఎక్కువ మార్కులు వచ్చిన సబ్జెక్టు అదొక్కటే కాబట్టి చదివే పని నాది. "సదువు అల్లుడా" అనేవాడు. చదివేవాణ్ణి. "మల్లీ సదువు." మళ్లీ చదివేవాణ్ణి. కళ్లు మూసుకుని కాసేపు ఉండి, ఆ మాటని తెలుగులో చెప్పి, "రాయ్" అనేవాడు. అప్పుడు సూరిబాబు పొడుగాటి నోటుబుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాడు. రెండుసార్లు చదివించుకుని మావయ్య రాయ్ అనేదాకా ఏ రూలూ మా ఇంట్లో అమలయ్యేది కాదు. చదివినవాణ్ణి నేను, అర్థం చెప్పినవాడు మావయ్య, రాసినవాడు సూరిబాబు. వచ్చినవాళ్లందరూ నోటుబుక్కు తిరగేసి మెచ్చుకున్నది ఎవరినో మీరే ఊహించుకోండి.

రూళ్లు ఎక్కడో పెద్దవాళ్లు కూర్చుని మారుస్తారు. మా గ్రౌండుకి వచ్చేసరికి అవి నలిగిపోయి వస్తాయి. మూడు పాయింట్ల గీత వెనక్కి జరిగిందని కాగితం వస్తే, మా దగ్గర కొత్త గీత గీశారు గానీ పాతది చెరపలేదు. పసుపు గీత చచ్చిపోయింది, తెల్ల గీత బతికుంది అని ప్రతి మ్యాచ్ ముందూ మావయ్య రెండు జట్లకీ చెప్పాల్సి వచ్చేది. అయినా పసుపు గీత మీద నుంచి వేసినవాడు మూడు వేళ్లు చూపిస్తూ పరుగెత్తేవాడు. షాట్ కొట్టడానికి ఇరవై నాలుగు సెకన్ల గడియారం ఉండాలి. మాకు గడియారం లేదు, ఫిజిక్సు మాస్టారు ఉన్నారు. ఆయన చేతిలో స్టాప్‌వాచీ పెట్టుకుని, పది సెకన్లు మిగలగానే "పది" అని అరిచేవారు. తర్వాత ఎప్పుడో, రింగుకి తగిలిన బంతి మళ్లీ అదే జట్టుకి దొరికితే ఇరవై నాలుగు కాదు పద్నాలుగే ఇవ్వాలన్న మార్పు వచ్చింది. మాస్టారు స్టాప్‌వాచీని అటూ ఇటూ తిప్పి, పద్నాలుగు బొత్తం ఎక్కడుందని అడిగారు. పైన రూలు మారితే యంత్రం మారుస్తారు. కింద రూలు మారితే ఈల ఊదేవాడు ఇంకాస్త గట్టిగా అరుస్తాడు. మావయ్య ప్రతి మార్పుకీ ఒకటే మాట అనేవాడు, ఒప్పుకుంటన్నాను గానీ నచ్చనేదు అని.

మావయ్య వెనకే మేమిద్దరం కూడా జిల్లా పరీక్ష రాసి రిఫరీలమయ్యాం. అప్పట్నుంచి నాకు కుళ్లు మొదలైంది. మొదలైంది అంటే అబద్ధం, అప్పటిదాకా దానికి యూనిఫాం లేదు. సూరిబాబు చెయ్యి ఎత్తితే మోచేయి దగ్గర వంకర ఉండేది కాదు. నాది గొడుగు పట్టుకున్నట్టు ఉండేది. వాడు ఈల ఊదితే పది మందీ అక్కడికక్కడ ఆగేవాళ్లు. నేను ఊదితే ఎవరింట్లోనో కుక్కర్ అనుకుని ఆట సాగించేవాళ్లు. వాడి పిక్కల మీద కూడా నాకు ఫిర్యాదు ఉండేది. మావయ్య నా భుజం తట్టేవాడు గానీ, వాడు చెయ్యి ఎత్తినప్పుడు ఏమీ అనకుండా మీసం కింద నవ్వుకునేవాడు. తట్టడం అందరికీ దొరుకుతుంది. ఆ నవ్వు కోసం నేను ఏమైనా చేసేవాణ్ణి. చేశాను కూడా.

మాకు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లున్నప్పుడు రాష్ట్ర ప్యానెల్లో ఖాళీ పడింది. జిల్లా నుంచి ఒక్కరినే తీసుకుంటారు, పోటీలో మిగిలింది మేమిద్దరమే. ఒక మ్యాచ్‌లో సగం వాడు, సగం నేను ఊదాలి, బయట నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన చూసి మార్కులు వేస్తాడు. సరిగ్గా అప్పుడే మావయ్యకి కంటి ఆపరేషన్. ఆసుపత్రిలో తోడుగా సూరిబాబు ఉన్నాడు. నేను రోజూ పొద్దున్నే స్కూటర్ మీద ఇడ్లీ క్యారేజీ పట్టుకెళ్లేవాణ్ణి. పరీక్షకి నాలుగు రోజులుందనగా ఇంటికి కవరు వచ్చింది. వరండాలో నిలబడి చింపి చదివాను. అన్నీ చిన్నా చితకా మార్పులు, ఒక్కటి తప్ప. అప్పటిదాకా బంతి చేతికి చిక్కినప్పుడు నేల మీదున్న పాదం ఒకటి, తర్వాతది రెండు, మూడోది పడితే నడక. ఇక నుంచి పరుగులో బంతి అందుకున్నవాడికి, అందుకున్న క్షణంలో నేల మీదున్న పాదం లెక్కలోకి రాదు. దాని తర్వాత రెండు అడుగులు వేసుకోవచ్చు. ఇరవై ఏళ్లుగా మావయ్య పిడికిళ్లు తిప్పిన నడకల్లో సగం ఆ కాగితంతో నడకలు కాకుండా పోయాయి.

కాగితాన్ని మడిచి స్కూటర్ డిక్కీలో పెట్టాను. మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లాను, ఇవ్వడానికే. మావయ్య కంటికి పచ్చగుడ్డ కట్టుకుని పడుకున్నాడు, ఇప్పుడు రూళ్ల గొడవ ఎందుకని తిరిగి తెచ్చాను. ఆ మర్నాడు మళ్లీ తీసుకెళ్లాను. సూరిబాబు గుడ్డ పైకెత్తి వాళ్ల నాన్న కంట్లో చుక్కల మందు వేస్తున్నాడు, చెయ్యి వణక్కుండా, మోచేయి వంకర లేకుండా. ఆ చెయ్యి చూసి మళ్లీ తిరిగి తెచ్చాను. మూడో రోజుకి నా దగ్గర ఒక సిద్ధాంతం తయారైంది. మా ఇంటి పద్ధతి ప్రకారం రెండుసార్లు చదివి, మావయ్య విని, రాయ్ అనేదాకా అది రూలు కాదు. కాబట్టి నేను దాచింది రూలు కాదు, కాగితం. కాగితాలు దాచడం తప్పని ఎక్కడా లేదు. ఇంత చక్కటి వాదన పరీక్షలో వాడుకునే అవకాశం రాకపోవడమే నాకు ఇప్పటికీ బాధ.

మ్యాచ్ ఉక్కునగరంలో పెట్టారు, అక్కడి కోర్టులో ఒకటే గీత ఉంటుంది కాబట్టి. మార్కులు వేసే పెద్దాయన తెల్ల టోపీ పెట్టుకుని, ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం, కాగితం మీద పెన్ను, వీటన్నిటి మీదా గాంభీర్యం పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి సగం సూరిబాబుది. గాజువాక వైపు నుంచి వచ్చిన ఒక పొడుగాటి కుర్రాడు పరుగులో బంతి అందుకుని ఒకటీ రెండూ మూడూ అన్నట్టు అడుగులేసి రింగులో వేశాడు. సూరిబాబు ఈల. పిడికిళ్లు గుండ్రంగా. నడక. మా మావయ్య కంచం ముందు చేసినట్టే, అచ్చం అలాగే. నా కడుపులో చల్లటి సోడా పోసినట్టయింది. కొత్త రూలు ప్రకారం అది చెల్లే బుట్ట, రెండు పాయింట్లు. పెద్దాయన అట్ట మీద ఏదో రాశాడు. అది ఇంటూ గుర్తే అయి ఉంటుందని నేను ప్రమాణం చేసి చెప్పగలిగేవాణ్ణి.

రెండో సగం నాది. దేవుడున్నాడన్నట్టు అదే కుర్రాడు, అదే వైపు, అవే అడుగులు. నేను ఈల నోట్లోంచి తీసేశాను కూడా, ఊదే ఆలోచనే లేదని అందరికీ తెలియాలని. చెయ్యెత్తి రెండు వేళ్లు కిందికి దించాను, రెండు పాయింట్లు. ఆ ఒక్కసారికి నా మోచేయి తిన్నగా ఉందని నాకు నమ్మకం. ఎదుటి జట్టు కోచ్ లేచి నడక నడక అని గొడవ చేశాడు. నేను చిరునవ్వు నవ్వాను. అలా నవ్వడం నాకు అంతకుముందు రాలేదు, తర్వాతా రాలేదు.

ఆట అయ్యాక పెద్దాయన నన్ను పిలిచాడు. పక్కనే సూరిబాబు నిలబడి మంచినీళ్లు తాగుతున్నాడు. "నడక పట్టుకోవడం రాని రిఫరీని నేను పైకి పంపలేను బాబూ. అతన్ని చూడు, అదే అడుగులకి ఎంత శుభ్రంగా ఊదాడో" అన్నాడు. ఆయనకీ కవరు వెళ్లే ఉంటుంది. ఆయన ఇంట్లో కూడా చదివిపెట్టే అల్లుడెవడో ఉండి ఉంటాడు.

నా స్కూటర్ ముప్పై అడుగుల దూరంలో వేపచెట్టు కింద ఉంది. డిక్కీలో రెయిన్‌కోటు కింద కాగితం ఉంది. వెళ్లి తెచ్చి ఆయన అట్ట మీద పెడితే ఖాళీ నాది. కానీ పెట్టిన మరుక్షణం, ఇది నీకెప్పుడు వచ్చిందని సూరిబాబు అడుగుతాడు. కవరు మీద పోస్టు ముద్ర ఉంది. మావయ్య కంటి గుడ్డ విప్పేది ఎల్లుండి. విప్పగానే ఆయన చూసే మొదటి మొహాల్లో నాదీ ఉంటుంది. నేను తల ఊపి, మెరుగుపరుచుకుంటాను సార్ అన్నాను. సూరిబాబు బాటిల్ మూత బిగించుకుంటూ ఉన్నాడు. ఎంతసేపు బిగించాడో ఆ మూత.

అలా ఖాళీ వాడికి వెళ్లింది. నెల తిరక్కుండా రాష్ట్ర స్థాయి క్లాసుకి వెళ్లి, కొత్త రూలు కాగితం తనే పట్టుకొచ్చాడు. ఆదివారం, పులుసు, వరండా. మావయ్య నల్లకళ్లద్దాలతో కూర్చుని సదువు అల్లుడా అన్నాడు. మొదటిసారి చూస్తున్నవాడిలా చదివాను. నమ్మకంగా ఉంటుందని ఒకచోట తడబడ్డాను కూడా. తడబడ్డప్పుడు సూరిబాబు నోటుబుక్కు మీంచి తల ఎత్తి చూశాడు. మావయ్య రెండోసారి కూడా విని, చాలాసేపు కళ్లు మూసుకుని, "ఇది నడక కాదురా, ఊరేగింపు. దీన్ని నాను రాయమనను" అన్నాడు. మా నోటుబుక్కులోకి ఎక్కని రూలు అదొక్కటే. ఇప్పటికీ కొడుకు మ్యాచ్‌లు ఫోన్లో వస్తే చూస్తూ, వాడు ఊదకుండా వదిలేసిన ప్రతిచోటా ఈయన మంచం మీద కూర్చుని పిడికిళ్లు తిప్పుతాడు.

అక్కడి నుంచి వాడి మెట్లు వాడివి, నా మెట్టు నాది. వాడు ముగ్గురు రిఫరీలు కలిసి చేసే మ్యాచ్‌లకి వెళ్లాడు. ముగ్గురూ కలిసి పది మందిని చూస్తారు. నేను స్కూలు గ్రౌండులో ఒక్కణ్ణే పది మందినీ, మధ్యలో వచ్చే ఒక కుక్కనీ చూస్తాను. వాడికి రూలు మారబోతోందని ముందే తెలుస్తుంది, వీడియోలతో సహా. నాకు వాట్సాప్‌లో ఎవరో తీసిన ఫోటో వస్తుంది, ఎడమవైపు వేలు అడ్డం పడి ఉంటుంది. ప్రతి వాక్యం మొదటి రెండు మాటలూ ఆ వేలు కింద ఉంటాయి. వాడికి అనుమానమొస్తే తెర దగ్గరికి వెళ్లి మళ్లీ చూసుకునే హక్కు ఉంది, ఏ సందర్భాల్లో చూడొచ్చో నియమం ఉంది. నా దగ్గర ఆ తెరని తల్లిదండ్రులు తెస్తారు. నేను లెక్కలోకి రాని అడుగుని వదిలేస్తే ఒకావిడ ఫోను పట్టుకుని కోర్టులోకి వచ్చి, లెక్కపెట్టండి మూడు కాదేటి, మా బాబు ఓడిపోతన్నాడు అంటుంది. ఆ స్కూలు పీఈటీ కూడా ఆవిడ పక్కే నిలబడతాడు, ఆయన ఆడిన రోజుల్లో అది నడకే కాబట్టి. రూలు పైన మారి కింద దాకా దిగడానికి కొన్నేళ్లు పడుతుంది. ఆ కొన్నేళ్లూ సరైన నిర్ణయం చెప్పినవాడు తిట్లు తింటాడు. మధురవాడలో ఒక ఆఫీసులో ఏసీలు, లిఫ్టులు చూసుకునే ఉద్యోగం నాది. వారమంతా అక్కడ తిట్లు తిని ఆదివారం గ్రౌండుకి వస్తాను, మార్పు కోసం.

పోయిన నెల క్లాసు అయ్యాక సూరిబాబు టీ తాగుదాం రమ్మన్నాడు. కాలేజీ గేటు ఎదురుగా బండి, చుట్టూ బైకులు, ఎండ ఇంకా గట్టిగానే ఉంది. క్లాసులో ఆ వీడియో చూసినప్పట్నుంచీ నాకు ఆ కాగితమే కళ్లముందుంది. పదేళ్లు దాచాను, ఆ రోజు ఇంక దాచలేకపోయాను. బావా నీకో సంగతి సెప్పాలి అన్నాను. కవరు, వరండా, మూడు రోజుల క్యారేజీ, అంతా చెప్పాను. మధ్యలో జోకులు వేద్దామని చూశాను గానీ ఒకటీ అతకలేదు. వాడు టీ ఊదుకుంటూ విన్నాడు. అంతా అయ్యాక, "డిక్కీలో, రెయిన్‌కోటు కింద" అన్నాడు.

నేను గ్లాసు బల్ల మీద పెట్టాను.

"నాన్నకి మందులు తేడానికి నీ బండే కదేటి తీసుకెల్లాను. సీసాలు ఎడదామని డిక్కీ తీసాను. అక్కడే నిలబడి సదివేసి, మల్లీ అక్కడే ఎట్టేసాను."

"మరి అడగనేదేటి?"

"నువ్వే సెప్తావని సూసాను. రేపు సెప్తాడు, ఎల్లుండి సెప్తాడు అనుకున్నాను." వాడు టీ తాగాడు. "ఇవాల సెప్పావు."

అయితే ఆ రోజు నడక ఎందుకు ఊదావని అడిగాను. రూలు తెలిసి, ఎదురుగా ఆ అడుగులు పడితే పిడికిళ్లెందుకు తిప్పావని. వాడు తన కుడిచేతిని అరచెయ్యి పైకి పెట్టి చూసుకున్నాడు. రూలు బుర్రలోనే ఉందట. చెయ్యి మాత్రం నాన్నదట. పాదం పడగానే అదే లేచిపోయిందట. ఊదేశాక గానీ తెలియలేదట, తన పని అయిపోయిందనీ, ఖాళీ నాదేననీ.

"తరవాత ఆ పెద్దాయన నిన్ను పిలిసి అంటంటే, నువ్వు బండి కాడికెల్లి కాగితం తెస్తావనుకున్నాను. తెస్తే నాను పోయినట్టే. నువ్వు తేనేదు. నానైనా సెప్పొచ్చు, సార్ రూలు మారింది, బావదే రైటు అని. తాళం నీ కాడుంది, నోరు నా కాడుంది. సెప్పనేదు."

ఇలాంటి చోట మనిషికి మనసు తేలికపడాలి. కౌగిలించుకోవాలి కూడానేమో. నాకు మాత్రం మళ్లీ కుళ్లే వచ్చింది. నేను కష్టపడి, మూడు రోజులు నిద్ర చెడగొట్టుకుని, సిద్ధాంతాలు కట్టుకుని ఒక కాగితం దాచాను. వాడు ఏ శ్రమా లేకుండా, నేను దాచిన సంగతినే దాచేశాడు. తప్పు చెయ్యడంలో కూడా వాడిది పైస్థాయి. నా ద్రోహం వల్ల వాడికి ఇసుమంత నష్టం జరగలేదు, కనీసం ఆశ్చర్యం కూడా కలగలేదు. అదే అన్నాను వాడితో. నువ్వంటే నాకు కుళ్లు బావా, నిన్నా మొన్నటిది కాదు అన్నాను.

"తెలుసు. నువ్వు కాగితాలు దాస్తావు గానీ మొహం దాయలేవు" అన్నాడు.

తర్వాత వాడు ఇంకో మాట చెప్పాడు. పెద్ద మ్యాచ్‌లలో తను చెయ్యి ఎత్తితే అది నిర్ణయం కాదట, నాలుగు కెమెరాలు ఒప్పుకుంటేనే నిర్ణయమట. స్కూలు గ్రౌండులో నేను ఊదితే, అక్కడికక్కడ, ఎంతమంది అరిచినా అదే ఆఖరి మాట. తనకి ఆ రోజులంటే ఈర్ష్యట. ఎత్తున ఉన్నవాళ్లు కిందవాళ్లని ఓదార్చడానికి ఇలాంటివి చెబుతారని నాకు తెలుసు. అయినా ఫోను పట్టుకొచ్చిన ఆ తల్లికి నేను ఆ వీడియో ఒక్కో అడుగు ఆపి చూపించి, లెక్కలోకి రాని అడుగేదో వివరించి, ఆఖరికి మళ్లీ రెండు పాయింట్లే ఇచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు నన్ను ఎవరూ మెచ్చుకోలేదు. మావయ్య అక్కడ ఉండి ఉంటే పిడికిళ్లు తిప్పి ఉండేవాడు. కానీ నేను ఊదలేదు, చెయ్యి లేవలేదు. సూరిబాబుకి ఆ ఒక్క మ్యాచ్‌లో చేతకానిది నాకు చేతనైంది. దాన్ని వాడితో చెప్పలేదు. కొన్ని ఇంకా నా దగ్గరే ఉంచుకుంటాను.

టీ గ్లాసు పడేసి వాడు బ్యాగులోంచి ఒక దరఖాస్తు తీశాడు. ఈ ఏడాది ప్యానెల్లో మళ్లీ ఖాళీ ఉంది, వయసు ముప్పై అయిదు లోపు ఉండాలి, మళ్లీ ఖాళీ పడేలోపు అది దాటిపోతాను, అంటే నాకిదే ఆఖరి అవకాశం. తను బంధువు కాబట్టి మార్కులు వేసేవాళ్లలో ఉండడట, నా పేరు ఎవరితోనూ అనడట. "రాత్తావా?" అన్నాడు. గెలిస్తే వాడి కింద పని చెయ్యాలి, ఓడితే వాడి ఎదుట రెండోసారి ఓడాలి. రెండిట్లో ఏది ఎక్కువ కుళ్లు పుట్టిస్తుందో కాసేపు బేరీజు వేసుకుని, రాత్తాను అన్నాను.  వాడు కారెక్కుతూ మీసం కింద కొంచెం నవ్వాడు, అచ్చం మావయ్యలా, నా వైపు చూస్తూనే. నేను దాన్ని లెక్కలోకి తీసుకున్నాను.

దరఖాస్తు మూడు ప్రతులు పంపాలి. స్టేపుల్ చేసినవి తీసుకోరు. ఎడమ పైమూల చిల్లు పొడిచి ట్యాగు కట్టాలి.